తేదీ ఇంకా ఉందిగా అంటే సరిపోదమ్మా

ప్రశ్న: మేము విజయవాడ పటమటలో ఉంటాం. మా అమ్మాయి వాళ్లు డాలస్‌లో ఉంటారు. తనకి నవంబరు మూడో వారంలో పురుడు. దసరా అయ్యాక అక్టోబరు 28న బయల్దేరి, దారిలో షార్జాలో మా ఆడపడుచు ఇంట్లో నాలుగు రోజులు ఉండి, నవంబరు మొదట్లో అమ్మాయి దగ్గరికి చేరాలని అనుకుంటున్నాం. తిరుగు ప్రయాణం ఏప్రిల్ 20న. మావారి పాస్‌పోర్టు 2027 మార్చి 14తో అయిపోతుంది. నాది పటమట వచ్చాక 2021లో తీసుకున్నది, దానికి ఇంకా చాలా గడువుంది. ఇద్దరికీ 2023లో పదేళ్ల అమెరికా వీసా వచ్చింది. పాస్‌పోర్టు మారిస్తే ఆ వీసా పోతుందేమోనని మావారి భయం. టికెట్లు చేసే అబ్బాయేమో "పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలుండాలన్న రూలు అమెరికాకి లేదండీ, వెళ్లొచ్చాక చేయించుకోండి" అంటున్నాడు. పైగా మావారి ఆధార్‌లో ఇంకా తెనాలి దగ్గర మా ఊరి అడ్రసే ఉంది, అక్కడ ఇంటికి తాళం. వచ్చాక చూసుకుందామని ఆయన, ముందే చేయిద్దామని నేను. ఏం చేయమంటారు? ఇంకొక్క మాట, అమ్మాయికి పురిటి కాయం, అదే బాలింతలకి పెట్టే మందు, పట్టుకెళ్లొచ్చా?

— ఒక తల్లి, పటమట

సమాధానం: అమ్మా, ఈ విషయంలో మీ మాటే నెగ్గాలి. మీవారి పాస్‌పోర్టు ఇప్పుడే, టికెట్లు కొనకముందే రెన్యువల్‌కి వేయించండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఇది ఆయన చేత కూడా చదివించండి. ఆయన భయం అర్థం లేనిది కాదు. కాకపోతే ఆ భయంతో ఆయన వెళ్దామనుకుంటున్న దారే వీసాకి చేటు తెచ్చేది.

చాలా ఏళ్లు టికెట్లు, వీసాల పని చేసినదాన్ని. ఒక రాత్రి మా తమ్ముణ్ణి విమానం ఎక్కించడానికి శంషాబాద్ వెళ్లినప్పుడు చూసిన సంగతి చెప్తాను. గుంటూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు, సింగపూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వారం రోజులకి వెళ్తున్నారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఆయన పాస్‌పోర్టు తెరిచి, గడువు తేదీ మీద వేలు పెట్టి, రెండో చేతి కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. మళ్లీ ఇంకోసారి లెక్కపెట్టింది. "సార్, ఐదు నెలల ఇరవై రోజులే ఉందండీ" అంది. "ఇంకా ఐదు నెలలుందిగా తల్లీ, మేం ఉండేది వారమేగా" అన్నాడాయన. వీసా కాగితం కూడా తీసి చూపించాడు. వీసా పెట్టిన నాటికి ఆరు నెలలు నిండుగానే ఉన్నాయి, బయల్దేరే నాటికి పది రోజులు తరిగాయి. ఆ పది రోజుల గురించి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ పాస్‌పోర్టుకి ఏ ఇబ్బందీ లేదు, కానీ ఆయన్ని వదిలి ఒక్కతే ఎలా వెళ్తుంది? పెట్టెలు తోపుడు బండి మీదే ఉండిపోయాయి. ఆవిడ గోంగూర పచ్చడి డబ్బా ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. అవతల ఫోన్‌లో కొడుకు, ఇవతల ఈయన, ఇద్దరికీ మాట రావడం లేదు. అర్ధరాత్రి దాటాక మళ్లీ గుంటూరు వైపు కారెక్కారు.

ఆ కౌంటర్ అమ్మాయిని తప్పుపట్టలేం. పత్రాలు సరిగా లేని మనిషిని దించితే చాలా దేశాలు విమాన కంపెనీకే జరిమానా వేస్తాయి, వెనక్కి తెచ్చే ఖర్చూ దాని మీదే పడుతుంది. అందుకే వాళ్లు టైమాటిక్ అనే వ్యవస్థలో ఏ దేశానికి ఎంత గడువు కావాలో చూసుకుని గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వరు. "దిగాక అక్కడి అధికారికి చెప్పుకుంటాం" అనే మాట అక్కడ చెల్లదు. అసలు ఎక్కనిస్తేగా దిగడం!

ఇప్పుడు మీ ప్రయాణం సంగతి. మొదటి చిక్కు అమెరికాలో కాదు, షార్జాలోనే ఉంది. షార్జా ఉన్న యూఏఈ దేశంలో అడుగుపెట్టే రోజుకి పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అక్టోబరు 28 నుంచి మార్చి 14 దాకా లెక్కేయండి, నాలుగున్నర నెలలే. మీ ఆడపడుచు వీసా తీయించి పంపాలన్నా ఇదే అడ్డొస్తుంది. టికెట్ల అబ్బాయికి షార్జా ఆగడం గురించి చెప్పారా? చెప్పి ఉంటే అంత తేలిగ్గా మాట్లాడేవాడు కాదనుకుంటున్నాను.

అమెరికా గురించి అతను చెప్పింది సగం నిజం. ఉండే కాలం పైన ఇంకో ఆరు నెలలు గడువు ఉండాలన్నది అమెరికా సాధారణ నియమం. అయితే కొన్ని దేశాలతో వాళ్లకి ఒప్పందం ఉంది. ఆ దేశాల పాస్‌పోర్టు గడువు తీరాక కూడా ఆరు నెలలు చెల్లినట్టే లెక్కవేసి రానిస్తారు. ఆ జాబితాలో మన దేశం ఉంది. కాబట్టి తిన్నగా డాలస్ వెళ్తే గడువు తక్కువుందని వెనక్కి పంపరు. అతను అక్కడితో ఆగిపోయాడు. మీరు ఆ తర్వాత జరిగేది చూడాలి.

అమెరికాలో దిగాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా కాదు. వీసా తలుపు దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపల ఉండే గడువు ఇమిగ్రేషన్ అధికారి ఇస్తారు, అది ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. మామూలుగా అమ్మానాన్నలకి ఆరు నెలలు ఇస్తారు. కానీ పాస్‌పోర్టు అంతకు ముందే అయిపోతుంటే, ఆ పాస్‌పోర్టు తేదీ వరకే రాసి పంపడం తరచుగా జరిగే పని. అంటే మీకు పూర్తిగా ఆరు నెలలు, మీవారికి మార్చి 14 దాకా పడొచ్చు. ఒకే వరసలో పక్కపక్కన నిలబడ్డా సరే. పురిటి హడావిడిలో ఎవరు చూస్తారు ఆ తేదీ? పాప నిద్రపోయిందా లేదా అన్నది తప్ప ఆ ఇంట్లో ఇంకేం పడుతుంది? ఆయన ఏప్రిల్ 20 దాకా ఉండిపోతారు. ఐ-94 తేదీ దాటి ఒక్క రోజు ఎక్కువ ఉన్నా, ఆ వీసా దానంతటదే చెల్లకుండా పోతుందని అమెరికా చట్టం. 2023లో హైదరాబాద్ వెళ్లి, వేలిముద్రలిచ్చి, ఇంటర్వ్యూలో నిలబడి తెచ్చుకున్న పదేళ్ల వీసా అది. పాస్‌పోర్టు మారిస్తే పోతుందని మీవారు భయపడుతున్నారు కదా, మార్చకపోతే పోయే దారి ఇది.

తిరుగు ప్రయాణం మాట కూడా ఉంది. ఏప్రిల్ 20 నాటికి ఆయన చేతిలో ఉండేది గడువు తీరిన పాస్‌పోర్టు. దాంతో విమానం ఎక్కనివ్వరు. అక్కడే మన కాన్సులేట్ ద్వారా కొత్తది తీసుకోవచ్చు, దారి లేకపోలేదు. కానీ పచ్చి బాలింత ఉన్న ఇంట్లో అల్లుడు సెలవు పెట్టుకుని మామగారి ఫారాలు నింపుతూ, ఫొటోలకీ పోస్టుకీ తిరుగుతూ ఉంటే మీకే మనసొప్పదు. ఇక్కడ బందరు రోడ్డు పాస్‌పోర్టు కేంద్రంలో ఒక పూటలో అయ్యే పని.

ఇక వీసా భయం. గడువున్న అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉన్నా చెల్లుతుంది. కొత్త పాస్‌పోర్టు, వీసా ఉన్న పాత పాస్‌పోర్టు రెండూ కలిపి చూపిస్తే చాలు. పాత దాని మీద రద్దయినట్టు ముద్ర వేస్తారు, మూల కత్తిరిస్తారు. అది పాస్‌పోర్టు రద్దు, వీసా రద్దు కాదు. వీసా ఉన్న పేజీ చిరగకూడదు, తడవకూడదు, ఆ స్టిక్కర్‌ని ఊడదీసి కొత్త దాంట్లో అంటించే ప్రయత్నం చచ్చినా చేయకూడదు. కౌంటర్‌లో "ఇందులో వీసా ఉంది, గడువుంది" అని ఒక మాట చెప్పండి, ఆ పేజీ జోలికి వెళ్లకుండా ముద్ర వేస్తారు. కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాత నంబరు అచ్చయి వస్తుంది కాబట్టి రెండూ ఒకరివేనని రుజువూ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఈ రెన్యువల్‌లో పేరు మార్పులు పెట్టుకోవద్దు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఇంకో చోట, పొడి అక్షరాలు మరో చోట ఉంటాయి, చూడగానే సరిచేయాలనిపిస్తుంది. వీసా మీద ఉన్న పేరు, కొత్త పాస్‌పోర్టు మీది పేరు అక్షరం తేడా లేకుండా ఉండటం ఇప్పుడు ముఖ్యం. పేరు గురించి ఇంకొకటి కూడా చూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం ఒక్క పదమే పేరుగా ఉంటే యూఏఈ సందర్శక వీసాకి ఇబ్బంది. 2022 నవంబరు నుంచి అలాంటి పాస్‌పోర్టుల్ని వాళ్లు ఒప్పుకోవడం లేదు. మీవారిది అలా ఉంటే షార్జా ఆగడం మానుకోవడమే మేలు.

పని ఎలా జరుగుతుందో చెప్తాను. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టొచ్చు, అంటే మీవారికి ఇప్పటికే ఆ వీలుంది. దాన్ని వాళ్లు రీఇష్యూ అంటారు, ఫారంలో ఆ మాటే వెతుక్కోండి. పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, ఇదొక్కటే సర్కారు వెబ్‌సైటు. అలాగే కనిపించేవి, ఎక్కువ డబ్బు గుంజేవి చాలా ఉన్నాయి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. తొందరగా కావాలని తత్కాల్‌లో పెడితే ఇంకో 2,000 కలుస్తుంది, మీకది అక్కర్లేదు. డబ్బు కట్టాక అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. బందరు రోడ్డు కేంద్రంలో తేదీ దూరంగా ఉంటే విజయవాడ పాస్‌పోర్టు ఆఫీసు కింద ఉన్న మిగతా కేంద్రాల్లో ఎక్కడ ముందు దొరుకుతుందో చూసుకోండి.

పాత పాస్‌పోర్టు, దాని మొదటి రెండు పేజీలూ చివరి రెండు పేజీల జిరాక్సులు సంతకం పెట్టి, అడ్రసు రుజువు, ఇవీ తీసుకెళ్లాల్సినవి. ఫొటో అక్కడే తీస్తారు. వెనక తెర తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్లచొక్కా వద్దు. మన వైపు పెద్దవాళ్లకి ఆఫీసు పనంటే ఇస్త్రీ తెల్లచొక్కాయే గుర్తొస్తుంది, అందుకని ముందే చెప్తున్నాను. టోకెన్ ఇస్తారు, ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు. ఏ దగ్గర కాగితాలు స్కాన్ చేసి వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. తెర మీద కనిపించే వివరాలు అక్కడే అక్షరం అక్షరం చదువుకోవాలి. పుట్టిన ఊరు, తండ్రి పేరు, మీ పేరు. తప్పుంటే అప్పుడే చెబితే ఒక్క నిమిషం పని, అచ్చయ్యాక చెబితే మళ్లీ మొదటి నుంచి. బీ దగ్గర పరిశీలన, సీ దగ్గర మంజూరు.

పాత పాస్‌పోర్టు రద్దు ముద్ర పడేది అక్కడే, అదే రోజు. అక్కడి నుంచి కొత్తది చేతికొచ్చే దాకా ఆయన దగ్గర చెల్లే పాస్‌పోర్టు లేనట్టే. టికెట్లకి ముందే ఈ పని చేయమని అన్నది ఇందుకే. ప్రయాణం ముంచుకొచ్చాక కంగారుగా రెన్యువల్‌కి వెళ్లి, కొత్తది రాక, పాతది చెల్లక మధ్యలో ఇరుక్కున్న వాళ్లని చూశాను. వీసా పని మీద పాస్‌పోర్టు వేరే దేశం కాన్సులేట్‌లో ఉన్నప్పుడు కూడా రెన్యువల్ కుదరదు, అసలు పుస్తకం చేతిలో ఉండాలి. షార్జా వీసాకి మీ ఆడపడుచు ఇప్పుడే తొందరపడి పాత నంబరు ఇవ్వకుండా ఆపండి. కొత్త నంబరు వచ్చాక దాంతోనే వీసా, దాంతోనే టికెట్లు.

అడ్రసు సంగతికొస్తే, ఆయన ఇప్పుడు ఏ ఇంట్లో ఉంటున్నారో అదే రాయాలి. ఊళ్లో ఇల్లు మన పేరు చెప్పే ఇల్లు, దాని అడ్రసే పాస్‌పోర్టు మీద ఉండాలని మీవారికి ఉండొచ్చు. ఆ ముచ్చట నాకూ తెలుసు. కానీ పోలీసు వెరిఫికేషన్ పడితే కానిస్టేబుల్ ఆ తాళం ముందు నిలబడి, "ఈ అడ్రసులో లేరు" అని రాసి వెళ్తాడు. ఆ ఒక్క వాక్యంతో ఫైలు ఆగిపోతుంది. పటమట అడ్రసుకి రుజువు కావాలి కదా, అది మీ దగ్గరే ఉంది. భార్య లేదా భర్త పాస్‌పోర్టు కాపీని అడ్రసు రుజువుగా తీసుకుంటారు, అందులో ఇప్పటి అడ్రసు ఉండి, చివరి పేజీలో జీవిత భాగస్వామిగా దరఖాస్తుదారు పేరు ఉండాలి. మీది పటమట వచ్చాక తీసుకున్నదే కాబట్టి, తీసి మీవారి పేరు సరిగా ఉందో చూడండి. ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, ఆయన పేరున కరెంటు బిల్లు కూడా పనికొస్తాయి. అయినా నా సలహా, ఈ వారంలోనే ఆధార్‌లో అడ్రసు మార్పించేయండి. రెండు చోట్ల రెండు అడ్రసులుంటే ప్రతి కౌంటర్‌లోనూ అదే కథ మళ్లీ చెప్పుకోవాలి.

వెరిఫికేషన్ పడొచ్చు, పడకపోవచ్చు. పడితే ఫోన్ చేసి వస్తారు, అందుకని ఫారంలో ఆయన వాడే నంబరే ఇవ్వండి, అమెరికాలో ఉన్న అమ్మాయిది కాదు. కొత్త పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది, ఎవరి పేరున ఉందో వాళ్ల చేతికే ఇస్తారు. అపాయింట్‌మెంట్ అయ్యాక నెల రోజులు ఆయన్ని ఊళ్లోనే ఉండేలా చూసుకోండి. శ్రావణం పెళ్లిళ్లున్నా సరే, ఒక రోజులో వెళ్లి వచ్చేయండి.

ఇది చదివే మిగతావాళ్లకీ ఒక మాట. సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, శ్రీలంక, యూఏఈ, వీటన్నిటికీ దిగే రోజుకి ఆరు నెలలు ఉండాలి. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ షెంగెన్ దేశాలకైతే అక్కణ్ణుంచి బయటపడే రోజు తర్వాత ఇంకో మూడు నెలలు. బ్రిటన్‌కి ఉన్నన్ని రోజులు చెల్లితే చాలు. కెనడా వాళ్లు వీసానే పాస్‌పోర్టు గడువుని మించకుండా ఇస్తారు, కాబట్టి ఏడాదే మిగిలిన పాస్‌పోర్టుతో పెడితే ఆ ఏడాది వీసాయే చేతికొస్తుంది. ఇంకా ముఖ్యంగా పిల్లల పాస్‌పోర్టులు. పెద్దలది పదేళ్లు, చిన్నపిల్లలది ఐదేళ్లే. అమ్మానాన్నలు తమ తేదీలు చూసుకుని, పిల్లాడిదీ అంతేనని టికెట్లు కొనేస్తారు. ఈ పొరపాటు నా దగ్గరికి వచ్చినన్ని సార్లు ఇంకేదీ రాలేదు. ఇవాళే బీరువా తీసి ఇంట్లో అందరివీ ఒకసారి చూడండి. రెండు మూడు వారాల్లో ప్రయాణం పెట్టుకుని ఇప్పుడు తేదీ చూసుకున్నవాళ్లు తత్కాల్‌లో వెళ్లండి, దానికి ఏ పత్రాలు కావాలో ఆ వెబ్‌సైటులోనే డాక్యుమెంట్ అడ్వైజర్ అనే చోట వివరాలు వేస్తే చెబుతుంది.

చివరిగా పురిటి కాయం. నిక్షేపంగా పట్టుకెళ్లండి. పొడిగా ఉన్నది, బాగా సీలు వేయించి, పైన ఏమిటో ఇంగ్లీషులో రాసి అంటించండి. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులకి చేతి సంచిలో అభ్యంతరం పెడతారు. దిగాక తినే సరుకులున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే ఒకవేళ వద్దన్నా తీసి పక్కన పెడతారు, దాచి దొరికితే జరిమానా. పచ్చి ఆకులు, పళ్లు, విత్తనాలు, మాంసం పెట్టొద్దు. కాయం డబ్బా పెద్ద పెట్టెలోకి, పాత కొత్త పాస్‌పోర్టులు రెండూ రబ్బరు బ్యాండు వేసి ఆయన చేతి సంచిలోకి.